కుట్టుమిషను మూల

మా అమ్మ కుట్టుమిషను హాల్లో కిటికీ పక్కన ఉండేది. వెలుతురు అక్కడే బాగా పడుతుందని అక్కడ పెట్టుకుంది. ఆ మూల కూచుని వీధిలో వాళ్ళ జాకెట్లూ లంగాలూ కుట్టి మా స్కూలు ఫీజులు కట్టేది. ఆ తర్వాత టీవీ వచ్చింది. టీవీ వెనకాలే దానికో షోకేసూ వచ్చింది. "మిషనెక్కడైనా పెట్టుకోవచ్చుగని, టీవీకి ప్లగ్గు ఇక్కడ్నే ఉన్నదాయె" అన్నాడు నాన్న. మిషను వెనక వసారాలోకి పోయింది. అక్కడ వెలుతురు లేదు, వానొస్తే జల్లు. ఏడాది తిరక్కుండా దాని మీదికి ఉతికిన బట్టల మూట చేరింది. అమ్మని కుట్టడం మానెయ్యమని ఎవరూ అనలేదు సుమండీ! అమ్మే మానేసింది.

ఊళ్ళకి కూడా ఇలాంటి కుట్టుమిషను మూలలుంటాయి. ఊరి మాస్టరు ప్లాను మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను, ఒక నవల కోసం. చీరలకొట్టులా రంగులు రంగులుగా ఉంటుంది. మామూలుగా ఇళ్ళకి పసుపు, పార్కులకి పచ్చ, ఫ్యాక్టరీలకి ఊదా వేస్తారు. ఊదా వేసిన చోట ఫ్యాక్టరీ ఉండాలే తప్ప అపార్టుమెంటు కట్టకూడదని నియమం. ఎందుకంత పట్టుదలంటే, లెక్క మనకీ తెలిసిందే. ఊరు పెరిగేకొద్దీ యంత్రం నడిపితే వచ్చే డబ్బుకంటే యంత్రం కింద నేల అమ్మితే వచ్చే డబ్బు ఎక్కువవుతుంది. అప్పుడు యజమానికి యంత్రం మీద మనసుండదు. ఆ మనసుని కాస్త కట్టి ఉంచడానికే ఆ ఊదారంగు.

ఆ రంగు ఎలా వెలిసిపోతుందో తెలియాలంటే బొంబాయి కథ చెప్పాలి. ఇప్పుడది ముంబయి అనుకోండి, మా చిన్నమ్మకి మాత్రం ఇప్పటికీ బొంబాయే.

తెలంగాణ నుంచి ఎందరో పద్మశాలీలు బతుకుదెరువుకి బొంబాయి మిల్లులకి వెళ్ళారు. మా చిన్నాయిన అందులో ఒకడు. వర్లీలో ఒకే ఒక్క గది. ఆ గదిలోనే చిన్నమ్మ ఏడుగురు మగవాళ్ళకి రెండు పూటలా వండిపెట్టేది. అందరూ మన వైపు వాళ్ళే, పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు. ఇలా వండిపెట్టడాన్ని అక్కడ ఖానావళి అంటారు. మిల్లు కార్మికుల పేటల్లో వేలమంది ఆడవాళ్ళు ఈ పని చేసేవారు. వాళ్ళు వడ్డీవ్యాపారుల చేతుల్లో చిక్కుకోకుండా 1975లో ప్రేమా పురవ్ అనే ఆవిడ అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టి బ్యాంకు అప్పులిప్పించింది. పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు కనిపించదెందుకో.

బొంబాయిలో మొదటి నూలుమిల్లుకి 1854లో శ్రీకారం చుట్టారు. ఆ తర్వాత పరేల్, లాల్‌బాగ్, వర్లీ, బైకుల్లా ప్రాంతమంతా పొగగొట్టాలే. గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరని పేరు. మొత్తం సుమారు 600 ఎకరాలు, ఊరి నడిబొడ్డున! 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షలమంది పనికి పోలేదు. ఆ సమ్మె విరమించామని ఎవరూ లాంఛనంగా చెప్పనే లేదు. దానంతటదే సన్నగిల్లి, ఊళ్ళకి పోయినవాళ్ళు ఊళ్ళకి పోయి, ఉన్నవాళ్ళు ఉండి, అలా ఆగిపోయింది.

"సమ్మె సురువైన్నాడు తినేటోళ్ళు ఏడుగురు. ఎండకాలం వొచ్చేటాల్లకు ముగ్గురే. ఖాతల రాసిన పైసలు నేనెవర్ని అడగాలె బిడ్డా? వాళ్ళే పస్తులుండిరి" అంటుంది చిన్నమ్మ. అందుకే, ఫ్యాక్టరీ పోతే పోయేది ఫ్యాక్టరీ ఉద్యోగాలు మాత్రమే అనే వాళ్ళని చూస్తే నాకు చిరాకు. గేటు ముందు చాయ్ కొట్టూ, చాకలీ, కూరగాయల బండీ, చిన్నమ్మ రొట్టెల పెనమూ, ఇవేవీ ఏ లెక్కలోనూ ఉండవు.

సరే, మిల్లులు ఖాయిలా పడ్డాయి. అంత నేల అలా పాడుబెట్టుకోమనడం కూడా న్యాయం కాదు, ఒప్పుకుంటాను. అందుకని 1991లో అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నంబరు నియమం తెచ్చారు. దాన్ని చదివితే ఎవరో ఇంటి పెద్ద రాసినట్టుంటుంది. మిల్లు నేల అమ్ముకుంటానంటే సరే, కానీ మూడు పాళ్ళు చెయ్యాలి. ఒక పాలు ఊరికి, పార్కులకీ ఖాళీ జాగాకీ. ఒక పాలు ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకి, సామాన్యుల ఇళ్ళ కోసం. మూడో పాలు యజమానికి. అమ్మగా వచ్చిన డబ్బు విడిగా ఖాతాలో వేసి ముందు కార్మికుల బాకీలు తీర్చాలి. ఎంత చక్కగా ఉంది!

పదేళ్ళ తర్వాత, 2001లో, దాన్ని సవరించారు. మూడు పాళ్ళు మూడు పాళ్ళుగానే ఉన్నాయి. కాకపోతే దేన్ని మూడు చెయ్యాలన్నది మారింది. మొత్తం నేల పోయి, 'ఖాళీ నేల' వచ్చింది. నేను మాటలమ్ముకుని బతికేదాన్ని. ప్రూఫు దిద్దేటప్పుడు ఒక్క మాట తేడా వస్తే ప్రెస్సు వాళ్ళతో పోట్లాడతాను. కానీ ఇంత ఖరీదైన మాట నా నవలలన్నిట్లో వెతికినా దొరకదు. మిల్లంటేనే షెడ్డులూ గోదాములూ కదా, అందులో ఖాళీ ఎంతుంటుంది? పొలంలో మూడోవంతు నీదని చెప్పి, తీరా పంచే రోజున గట్లు కొలిచి అందులో మూడోవంతు ఇచ్చినట్టు. పర్యావరణం గురించి పనిచేసేవాళ్ళు కోర్టుకెక్కారు. 2005లో బొంబాయి హైకోర్టు వాళ్ళ మాటే నెగ్గించింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. అయిపోయింది.

ఇప్పుడు అక్కడికి వెళ్తే మెడ పైకెత్తి చూడాల్సిన మేడలు. ఫీనిక్స్ మిల్లు పెద్ద మాల్ అయింది, పొగగొట్టం మాత్రం ముచ్చటకి ఉంచారు. చిన్నాయిన పనిచేసిన మిల్లు జాగాలో కూడా అలాంటి మేడే లేచింది. బాకీల కోసం ఏళ్ళు తిరిగి, చివరికి ఆ పక్క వీధి మేడలో రాత్రి వాచ్‌మన్‌గా చేరాడు. "మూడో షిఫ్టు నాకు కొత్తనా" అని నవ్వేవాడు పోయేదాకా.

మేడలు పెరిగాయి గానీ రైల్వే వంతెన పెరగలేదు. 2017 సెప్టెంబరు 29 పొద్దున, వానకి అందరూ ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను మెట్ల వంతెన మీద ఆగిపోతే, ఆ తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ఊరికి రావలసిన పాలు పూర్తిగా వచ్చి ఉంటే అక్కడ కాస్త గాలీ, కాస్త దారీ ఉండేవేమో. ఇది నా ఊహే. కానీ ఆ ఊహ నన్ను వదలదు. కార్మికుల ఇళ్ళ మాటకొస్తే, లక్షమందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. 2012లో మొదటి లాటరీ తీస్తే ఇళ్ళు ఏడు వేలు కూడా లేవు. చిన్నమ్మ రసీదు పాలిథీన్ కవరులో, బియ్యం డబ్బా అడుగున ఉంది.

బొంబాయి గొడవ మనకెందుకంటారా? వరంగల్లు ఆజంజాహీ మిల్లు 1934 నాటిది. అది మూతపడ్డాక ఆ నేల ప్లాట్లయింది. ఇక 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదు చుట్టుపక్కల పాత పారిశ్రామికవాడల్లో తొమ్మిది వేల ఎకరాలకు పైగా నేలని ఇళ్ళకీ దుకాణాలకీ ఆఫీసులకీ మార్చుకోవచ్చని విధానం ప్రకటించింది. ముందున్న రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషను విలువలో 30 శాతమో 50 శాతమో రుసుము కట్టాలి. జీడిమెట్ల వైపు ఒక సాయంత్రం కిటికీ తెరిచినవాళ్ళెవరూ ఫ్యాక్టరీలు అక్కడే ఉండాలనరు. ఆ వాసన నాకూ తెలుసు. ఊరి బయటికి పంపిస్తే మంచిదే. కానీ అక్కడ మాత్రలు ప్యాకింగు చేసే పిల్ల పొద్దున్నే ఎన్ని బస్సులు మారాలో కూడా ఎవరో ఒకరు లెక్క వెయ్యాలిగా?

మొన్న ఫోనులో చిన్నమ్మకి ఈ సంగతంతా చెప్పాను. ఓపిగ్గా వింది.

"మీ దిక్కు గూడ మూడు పాళ్ళు జేస్తుండ్రా?" అంది.

"లేదు చిన్నమ్మా, రుసుము కట్టించుకుంటారట."

"ఎవ్వరికి?"

"సర్కారుకి."

"అటెన్క?"

నాకు చెప్పడానికి తోచలేదు. ఆ ఉత్తర్వు కాపీ తెప్పించుకుని ప్రూఫు చదివినట్టు మాట మాటా చదువుతున్నాను. ఇంకా సగంలోనే ఉన్నాను.