బాపు చూసిన సముద్రం

శ్రీరాంపూర్ నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో పోవాలి. మా ఇంట్లో మాత్రం చెప్పుల డబ్బాలో ముప్పై ఆరు సముద్రపు ఒడ్లున్నాయి. అన్నీ స్టీరియో కార్డులు. ఏడంగుళాల అట్ట మీద పక్కపక్కనే జంట ఫొటోలు, మన రెండు కళ్ల మధ్య ఉన్నంత ఎడంతో రెండు కటకాలు తీసినవి. జోడు అద్దాల్లోంచి చూస్తే అవి ఒక్కటై బొమ్మకు లోతు వస్తుంది.

కార్డు చేతికి రాగానే ముందు మూలలు తడుముతాను. మూలలు కోసుగా ఉండి, అట్ట పలచగా ఉంటే పాతదని ఆశ పుడుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించడం 1860ల చివర్లో మొదలైంది. వంపు తిరిగిన అట్టలు ఇంకా తర్వాతివి. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం కాబట్టి పసుపు తిరిగి ఉంటుంది. పెద్ద కెమెరాల్లో అల వట్టి పొగలా పడే రోజుల్లో, స్టీరియో ఫొటోలు తీసే చిన్న కెమెరాలు విరిగే అలను విరిగినట్టే పట్టుకున్నాయి. చిన్న బొమ్మకు వెలుతురు తొందరగా సరిపోయేది మరి.

నాకు ప్రాణమైన కార్డు ఇంగ్లండులోని బ్రైటన్ వెస్ట్ పియర్‌ది. యూజీనియస్ బిర్చ్ సముద్రంలోకి కట్టిన ఆ వంతెనను 1866లో తెరిచారు. ఫొటో దాని కిందినుంచి, హోవ్ పేట వైపు తీసింది. 1841లో లండన్ రైలు వచ్చాక ఆ ఒడ్డు పేటలు ఇంకా పెరిగాయి. రైలును లాగింది బొగ్గు. మన ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడింది 1871లో, ఈ వంతెనకు అయిదేళ్లు నిండాక.

మొన్న ఆ కార్డు మా బాపుకు చూపించాను. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు బాయిల, గ్యాలరీల పైకప్పుకు కంబాలు ఆనించే టింబర్‌మ్యాన్‌గా చేసిన మనిషి. అద్దాలు కళ్లకు ఆనించుకుని చాలాసేపు పలకలేదు.

"గ్యాలరీ లెక్కనే ఉందిరా" అన్నడు. "మూడో వరుసల ఒక కంబం ఒరిగింది, సూడు."

భూతద్దం పెట్టి చూశాను. నిజమే. తొమ్మిదేళ్లుగా అలలే చూస్తున్నాను, ఆ కంబం నా కంట పడలేదు.

"ఇప్పుడున్నదా అది?"

1975లో మూసేశారనీ, 2003లో కాలిపోయి ఇనుప గూడు మిగిలిందనీ చెప్పాను. బాపు కాసేపు కిటికీలోంచి చూసి, అద్దాలు ఇటియ్యమని మళ్లీ చెయ్యి చాపిండు.