కొల్లేటి మీద టైమ్‌కోడ్

2025 జనవరి 8, బుధవారం. ఏలూరు

రేపు తెల్లారకముందే షూటింగ్‌కి ఆటపాకలో ఉండాలి. టైమ్‌కోడ్ డబ్బాలు నాలుగూ ఛార్జింగ్‌లో పెట్టాను. కెమెరాలకు రెండు, రికార్డర్‌కు ఒకటి, నాలుగోది క్లాప్ కొట్టే స్లేట్‌కి. చూడ్డానికి అగ్గిపెట్టెలంతే ఉంటాయి. ఒక్కోదానిలో ఒక గడియారం ఉంటుంది: గంట, నిమిషం, సెకను, ఆ పైన ఫ్రేమ్. పొద్దున్నే ఒకదాన్ని పెద్దదిగా పెట్టుకుని మిగతా మూడింటినీ దానితో కలుపుతాం. జామ్ చెయ్యడం అంటాం దీన్ని. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లినా అన్నిటిలోనూ ఒకే అంకె నడుస్తుంటుంది.

ఇవి లేకపోతే ఏమవుతుందని నిన్న కెమెరా తమ్ముడు అడిగాడు. లెక్క చెప్పాను. ఒక గడియారం పది లక్షల్లో పది వంతుల తేడాతో నడిచిందనుకో, రోజు తిరిగేసరికి 0.86 సెకను జారుతుంది. మనం తీసేది సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి, 21 ఫ్రేముల పైమాటే. రెండు మూడు ఫ్రేములు తప్పినా పెదవి ఒకటి, మాట ఒకటి అవుతాయి. ఈ డబ్బాల్లోని క్రిస్టల్ చలికీ ఎండకీ తనను తాను సర్దుకుంటుంది. మంచివైతే రోజంతా నడిచినా తేడా ఒక ఫ్రేమ్ లోపే.

జనవరి 9. ఆటపాక

మంచు దట్టంగా ఉంది. చెట్ల మీదా, ఇనప స్టాండ్ల మీదా గూడబాతులు. కనిపించే ముందే వినిపించాయి, రెక్కల బరువుతో.

దోనెలో కూర్చున్నాక అలవాటు కొద్దీ స్లేట్ పైకెత్తాను. గడ వేస్తున్న బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాబూ, ఆ సెక్క కొట్టకండే. టప్పుమందంటే గూళ్ల మీది తల్లులు లేచిపోతాయ్. కాకులు గుడ్ల కోసం కాసుకునున్నాయండి."

"కొట్టను బాబాయ్. ఊరికే చూపిస్తాను."

క్లాప్ ఎందుకు కొడతామో తెలిసిందే. రెండు చెక్కలు కలిసిన ఫ్రేమ్ బొమ్మలో దొరుకుతుంది, టప్పుమన్న చోటు శబ్దంలో దొరుకుతుంది. రెండింటినీ ఎదురెదురుగా పెడితే సింక్ కుదురుతుంది. శబ్దం వేరే యంత్రానికి మారినప్పటి నుంచీ సినిమా బతికింది ఆ టప్పు మీదే. ఇక్కడ మాత్రం దాని ఖరీదు ఒక గుడ్డు. ఎర్ర అంకెలు పరుగెడుతున్న స్లేట్‌ని రెండు క్షణాలు కెమెరాకు చూపించి దించేశాను. రోజంతా ఒక్క క్లాప్ కొట్టలేదు. ఒక్క పక్షి కూడా మా వల్ల లేవలేదు. ఈ పరికరం మీద నాకున్న గౌరవమంతా ఈ ఒక్క పొద్దుతో రెట్టింపయింది.

తొమ్మిదింటికి రెండో కెమెరా దోనె కిక్కిస చాటుకు వెళ్లింది. ఫోన్‌లో చూస్తే దాని డబ్బా సిగ్నల్ పోయింది. నీళ్లు, రెల్లు, మనుషుల ఒళ్లు, అన్నీ రేడియో అలల్ని తినేవే. కంగారేం లేదు. తీగ లేకపోయినా, గాలిలో సంకేతం తెగినా, డబ్బాలో గడియారం ఆగదు. మధ్యాహ్నం గట్టు మీద నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే అంకెలన్నీ ఒకేసారి మారుతున్నాయి.

జనవరి 10. గుడివాకలంక

గట్టు మీద నుంచి ఒక అక్క దోనెలో ఉన్న భర్తను కేకేసింది. "ఇదిగో, అన్నం సల్లారిపోతంది! వత్తావా రావా?" దోనె, మా కెమెరా, బూమ్ మైకు అన్నీ ఒకవైపే. ఆమెకూ మాకూ నూటనలభై మీటర్ల దూరం.

రాత్రి చూసుకుంటే నోరు ముందు కదిలింది, కేక తర్వాత వచ్చింది. టైమ్‌కోడ్ పోయిందని తమ్ముడు బెంగపెట్టుకున్నాడు. పోలేదు. శబ్దం సెకనుకు ఇంచుమించు 343 మీటర్లు నడుస్తుంది. మన ఫ్రేమ్ సెకనులో 25వ వంతు. ఆ కాసేపట్లో శబ్దం 14 మీటర్లకు మించి రాలేదు. నూటనలభై మీటర్లంటే పది ఫ్రేములు. గడియారం సరిగానే ఉంది, మధ్యలో ఉన్నది కొల్లేరు.

ఆమె చీరకు లేపెల్ మైకు పెట్టి ఉంటే ఈ తేడా ఉండేది కాదు. ఎడిటింగ్‌లో పది ఫ్రేములు జరిపినా సరిపోతుంది. జరపొద్దన్నాను. గట్టు నుంచి దోనెకు మాట ఎంతసేపట్లో వస్తుందో ఆ భర్త చెవికి తెలుసు. చూసేవాళ్లకూ తెలియనివ్వాలి. డైరెక్టర్ ఒప్పుకున్నాడు.

జనవరి 11

రెండో కెమెరాకు టైమ్‌కోడ్ తీసుకునే రంధ్రం లేదు. అందుకని ఆ సంకేతాన్ని మైకు తీగ గుండా ఒక ఆడియో ట్రాకులోకి పంపాం. వింటే కీచురాయి అరుపులా ఉంటుంది. మట్టం ఎక్కువ పెట్టడంతో పక్క ట్రాకులోకి కారింది. ఆ కెమెరాలో పడ్డ పిట్టల అరుపులన్నిటి వెనకా ఆ కీచు. మట్టం తగ్గించాం. పోయిన పొద్దు పోయింది.

జనవరి 13, భోగి

ఊరూరా మైకుసెట్లు. శబ్దం పట్టే పని లేదు, సెలవు.

పేపర్లో ఏదో సినిమా ముహూర్తం వార్త. ఒకరు క్లాప్ కొట్టగా మరొకరు కెమెరా స్విచాన్ చేశారట. చిన్నప్పటి నుంచి చదువుతున్న వాక్యమే. ఆ క్లాప్‌కి బదులు పలికే శబ్దం మన సినిమాల్లో చాలావాటిలో మిగలదు. లొకేషన్‌లో పట్టింది పైలట్ ట్రాక్. డబ్బింగ్ థియేటర్లో దాన్ని విని, పెదవుల్ని చూసి, మళ్లీ చెబుతారు. హైదరాబాద్‌లో ఉన్న ఏళ్లలో నేను పట్టిన గొంతులు ఎన్ని అలా చెరిగిపోయాయో. డబ్బింగ్ కళాకారుల నైపుణ్యాన్ని నేను తక్కువ చెయ్యను. కాని గుడివాకలంక అక్క 'వత్తావా రావా' అన్న తీరు ఏసీ గదిలో పుట్టదు. 2001లో లగాన్ సింక్ సౌండ్‌తో, అంటే లొకేషన్‌లో పట్టిన మాటతోనే వచ్చింది. 2018లో కేరాఫ్ కంచరపాలెం వాళ్లు ఆ పేట గొంతుల్ని ఆ పేటలోనే పట్టారు. చెయ్యాలనుకుంటే అవుతుంది.

జనవరి 17. సోమవరప్పాడు

ఎల్.వి. ప్రసాద్ గారు పుట్టిన ఊరు, పుట్టిన రోజు. ఏలూరు నుంచి బండి మీద ఎంతో దూరం లేదు. హిందీలో తొలి టాకీ ఆలం ఆరా (1931), తమిళంలో తొలి టాకీ కాళిదాస్ (1931), మన భక్త ప్రహ్లాద (1932), మూడింటిలోనూ చిన్న వేషాలు వేసిన మనిషి. తర్వాత మనదేశం (1949) తీసి ఎన్.టి. రామారావుకు తొలి వేషం ఇచ్చారు. ఫాల్కే అవార్డు 1982కి.

ఆలం ఆరాలో మాటా బొమ్మా ఒకే ఫిల్ము మీద పడేవి. విడిగా కలపాల్సిన అవసరమే లేదు. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో, రైళ్లు ఆగిన అర్ధరాత్రి వేళ తీసేవారు. శబ్దం కోసం నిద్ర మానుకున్నవాళ్లు వాళ్లు. ఆ తర్వాతే మన దగ్గర శబ్దం వేరే యంత్రానికి మారింది, మాట బొమ్మను వదిలి దూరం జరిగింది. మా డబ్బాలు చేసే పనల్లా ఆ రెండింటినీ మళ్లీ ఒక గూటికి చేర్చడం.

చెరువుల మధ్య రోడ్డు మీద కాసేపు నిలబడ్డాను. ఊరి శబ్దం పది నిమిషాలు పట్టాను, దేనికని కాదు.

జనవరి 18, శనివారం. తాడేపల్లిగూడెం

ఉల్లి మార్కెట్. వేలంపాట. ఒక కెమెరా లారీల దగ్గర, ఇంకోటి గుట్టల అవతల, నేను పాటగాడి వెనక. క్లాప్ కొడితే వందమంది తిరిగి చూస్తారు, వేలం ఆగుతుంది. కొట్టలేదు.

శబ్దాల ఆకారం పోల్చి సింక్ చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. రెండు మైకులూ ఒకే శబ్దం వింటేనే అవి పనికొస్తాయి. లారీ దగ్గర మైకు విన్నది ఇంజను, నాది విన్నది పాట. వాటికి పోలిక ఎక్కడిది?

జనవరి 20. ఏలూరు

ఎడిటింగ్ మొదలు. ఉల్లి మార్కెట్ క్లిప్పులన్నీ ఎంచి ఒక్క మాట చెప్పగానే టైమ్‌లైన్ మీద వరసగా కూర్చున్నాయి. వాటిలో ఒక్క కార్డు మాత్రం కూర్చోలేదు. కెమెరా 25లో, డబ్బా 24లో ఉండిపోయింది. దాన్ని చేత్తో కలుపుతూ రాత్రి పదయింది.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరుల్లో షార్ట్ ఫిల్ములు తీస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్క మనవి. మీ ఊరి మనుషుల మాటను వాళ్ల నోటి నుంచే పట్టండి. పొద్దున ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి జామ్ చెయ్యండి. బ్యాటరీ మార్చినప్పుడల్లా అంకె చూడండి. అన్నిటిలోనూ ఫ్రేమ్‌రేట్ ఒకటేనా అని పైకి చదివి సరిచూసుకోండి. గూళ్లు లేని చోట క్లాప్ కూడా కొట్టి ఉంచుకోండి.