గడీలో మాటలు

కాలేజీలో 'సినిమా, సామాజిక సమస్యలు' మీద వ్యాసం రాయమన్నారు. అందరూ ఈమధ్య సినిమాలే ఎంచుకున్నారు. నేను కొంచెం పోజు కొట్టి బి. నర్సింగరావు 'దాసి' (1988) తీసుకున్నా. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు, కళాదర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠంకు ఇంకోటి... ఈ వివరాలన్నీ ఉప్పల్ బస్సులోనే ఫోన్లో దొరికాయి. లోపాల పేరా కూడా సిద్ధం: మాటలు మరీ తక్కువ, నడక నెమ్మది.

ఘట్‌కేసర్‌లో ఇంట్లో రెండోసారి చూస్తుంటే నానమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నా ఫిర్యాదు విని, "దొర ముంగట మాటెట్ల వస్తది బిడ్డా?" అంది. కడుపు తీయించే ఘట్టం దగ్గర లేచి వంటింట్లోకి పోయింది. రాత్రి అన్నాల దగ్గర చెప్పింది: "మా అమ్మ గూడ గడీల చేసింది. గిది నీ కాయితంల రాయకు."

లోపాల పేరా కొట్టేశా. గడీలో నోరు మెదపకపోవడమే బతికే పద్ధతి అని రాశా. ఎట్లా తెలిసిందో రాయలేదు. ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో 'ఆధారం?' అని తిరిగొచ్చింది.

ఇప్పుడిది రాసేముందు నానమ్మను మళ్లీ అడిగా. చాలాసేపటికి, "రాస్కో. మా అమ్మ పేరు పెట్టకు" అంది.