అక్క చంకన నేనున్నాను

2024 జూన్ మొదటి వారం. మా పాపకి మూడేళ్ళు నిండి ఎనిమిది నెలలు. దాన్ని ఎక్కడ చేర్పించాలన్న దగ్గర నాకూ మా ఆయనకీ మాటల్లేకుండా పోయాయి.

మాది మొగల్తూరు. కృష్ణంరాజు, చిరంజీవి పుట్టిన ఊరని అందరికీ తెలుసు. మేమూ ఆ ఊరివాళ్ళమే, కాకపోతే మాలపేటలో పుట్టాం. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. మా ఆయన నర్సాపురంలో ఒక కొట్లో లెక్కలు రాస్తాడు.

మా ముందు రెండు దార్లున్నాయి. ఒకటి నర్సాపురంలో కాన్వెంటు. ఎల్‌కేజీ. పొద్దున ఎనిమిదింటికి బస్సొస్తుంది, పన్నెండున్నరకి వదిలేస్తారు. ఇంగ్లీషూ తెలుగూ రెండూ చెబుతారు. ఏడాదికి పాతికవేలు, బస్సు డబ్బులు వేరే. రెండోది మా పేటలో అంగన్వాడీ. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉంచుకుంటారు. మధ్యాన్నం అన్నం, పప్పు, గుడ్డు పెడతారు, పడుకోబెడతారు. మాట్లాడేదీ చెప్పేదీ తెలుగే. గోడ మీద ఏబీసీడీలున్నాయి గానీ వాటి జోలికి వెళ్ళేది తక్కువ. డబ్బులక్కర్లేదు.

పూట బడిలో రెండు భాషలా, రోజంతా బడిలో ఒక భాషా? పైకి చూస్తే ఇంతే లెక్క.

"ఇంగ్లీషు రాక ఎంత ఏడిచావో నువ్వే చెప్పావు కదా. మళ్ళీ దాన్నీ ఏడిపిస్తావా?" అన్నాడు మా ఆయన. నా దగ్గర జవాబు లేదు. "మరి పన్నెండున్నరకి దిగాక ఎవరు చూస్తారు? నేను బడి నుంచి వచ్చేసరికి నాలుగవుతుంది" అన్నాను. అతను ఆలోచించకుండానే అన్నాడు, "మీ అక్కుందిగా. షెడ్డుకెళ్ళడం మానేస్తే నెలనెలా మనమే ఎంతో కొంత ఇద్దాం."

అక్కనడిగాను. అక్కా ఆలోచించలేదు. "అలాగేలేవే. నాకలవాటేగా" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. నాకు రెండేళ్ళు వచ్చేదాకా నన్ను నాయనమ్మ చూసేది. నాయనమ్మ బైబిలు చదివేది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలు ఈ దేశం వచ్చి, తర్వాత నర్సాపురం చేరారు. ఆ మిషనూ తర్వాత వచ్చిన మిషన్లూ నడిపిన బళ్ళలోనే ఈ డెల్టాలో మా తాతలు కొందరు అక్షరం ముఖం చూశారు. ఊళ్ళో వీధిబడి అరుగు మా వాళ్ళని ఎక్కనివ్వలేదు. తెలుగు మన భాష అని ఇవాళ మాకు చెప్పేవాళ్ళు ఈ సంగతి కూడా చెప్పాలి. మా నాయనమ్మ చేతికి తెలుగు అక్షరం పరాయి దేశపు దొరల చేతుల మీదుగా వచ్చింది.

నాయనమ్మకి చూపు పోయింది. అమ్మ ఊడ్పులకి చీకటితో వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. నాన్న సంగతీ అంతే. అక్క అప్పుడు మూడో తరగతి. కొన్నాళ్ళు నన్ను చంకనేసుకుని బడికి వెళ్ళిందట. నేను ఏడ్చేదాన్ని. పలక మీద పాకేదాన్ని. ఒకరోజు ఒక మేష్టారు "ఇది బడా, పిల్లల్ని ఆడించే చోటా? దాన్నైనా దింపిరా, నువ్వైనా పో" అన్నాడట. దింపడానికి చోటు లేదు. అక్కే పోయింది.

ఆ తర్వాత అక్క బడి పంట బోదె గట్టు. తుమ్మ చెట్టుకి చీర ఉయ్యాల కట్టి నన్ను ఊపేది. పాలకి ఏడిస్తే బురదలో దిగి అమ్మ దగ్గరికి మోసుకెళ్ళేది. నాకు ఐదేళ్ళొచ్చాక నన్ను బడిలో వేశారు. అక్క పలక నాకొచ్చింది. పదిహేనేళ్ళకి అక్కకి పెళ్ళి చేశారు. పొలాలు చెరువులయ్యాక రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. ఐసు ముక్కల్లో చేతులు పెట్టి తలలు తీయడం, పొట్టు వలవడం, కేజీకింతని. ఆమె వేళ్ళ సందులు ఎప్పుడూ ఒరిసిపోయే ఉంటాయి.

నా డిగ్రీ కాగితం మీద నా పేరొక్కటే ఉంది. అక్క పేరు రాసే గడి అందులో లేదు.

ఇక భాష సంగతి. బడిలో చేరాక తెలిసింది, మేం మాట్లాడేది తెలుగు కాదని! "ఎల్తన్నానండి" అంటే క్లాసంతా నవ్వేది. "బువ్వ తిన్నానండి" అంటే "భోజనం చేశాను అనాలి, మీ పేట మాటలు పేటలో వదిలేసి రా" అనేవాళ్ళు. మాతృభాషలో చదువు అంటారు కదా, ఎవరి అమ్మ మాట అది? మా అమ్మ మాట ఆ వాచకంలో ఒక్క ముక్క లేదు. పుస్తకాల తెలుగు నాకు రెండో భాష. ఇంగ్లీషు మూడోది. దూబచర్ల డైట్‌లో ట్రైనింగయ్యాను, తర్వాత బీఏ కట్టాను. ఏ ఇంటర్వ్యూలోనైనా, ఏ మీటింగులోనైనా ఎవరన్నా ఇంగ్లీషులో అడిగితే గొంతు పట్టేసేది. ఏడిచాననే మాట నిజమే.

అందుకే 2019 నవంబరులో సర్కారు బళ్ళలో ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియం అని జీవో వచ్చినప్పుడు నేను సంతోషించాను. తెలుగు చచ్చిపోతుందని పత్రికల నిండా గగ్గోలు. గగ్గోలు పెట్టినవాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదివారని మా పేటలో పదో తరగతి పిల్లలే అడిగారు. 1854లోనే సావిత్రిబాయి ఫూలే తన కావ్యఫూలేలో శూద్రులకీ అతిశూద్రులకీ ఇంగ్లీషు నేర్చుకోమని చెప్పింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోల్ని కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రుల్ని అడిగితే రాష్ట్రంలో నూటికి తొంభైమందికి పైగా ఇంగ్లీషే కావాలన్నారు. వేలిముద్ర వేసిన ఒక తల్లి నాతో అంది, "టీచరమ్మగోరూ, ఆళ్ళ పిల్లలకి మంచిదైంది మా పిల్లలకి సెడ్డెలా అవుద్దండి?" దీనికి ఏ భాషా పండితుడైనా జవాబు చెప్పాలి.

కానీ టీచరుగా నేను చూసింది కూడా చెప్పాలి. 2020-21 నుంచి రెండు భాషల పుస్తకాలొచ్చాయి. ఎడమవైపు తెలుగు, కుడివైపు అదే పాఠం ఇంగ్లీషులో. మంచి ఆలోచన. ముందురోజు రాత్రి నేను ఇంగ్లీషు పేజీ చదువుకుని, పలకడం నేర్చుకుని వెళ్ళేదాన్ని. పిల్లలకి ముందు మా మాటలో చెప్పి, తర్వాత పుస్తకం తెలుగులోకి, తర్వాత ఇంగ్లీషులోకి తీసుకెళ్తే దారి దొరికేది. "కోక్కొరోకో అని కూసేదేదే?" "పుంజండి!" "పుస్తకంలో ఏమని ఉంది?" "కోడిపుంజు." "మరి ఇటుపక్క?" "కాక్." మొదటి మెట్టు తీసేసి మూడో మెట్టు ఎక్కమంటే మాత్రం పిల్లలు నోరు మూసుకునేవాళ్ళు. ఫీజు కట్టలేక కాన్వెంటు మాని మా బడికొచ్చిన పిల్లల్నీ చూశాను. వానపాట ఇంగ్లీషులో గడగడా చెబుతారు. ఇందులో వాన ఏదిరా అంటే దిక్కులు చూస్తారు. అంగన్వాడీలో రోజంతా గడిపొచ్చిన పిల్ల ఇంగ్లీషు ముక్క రాకపోయినా కూర్చుంటుంది, వింటుంది, కథ చెప్పమంటే చెబుతుంది.

ఇంకో సంగతి చూశాను. అది నన్ను కుదిపేసింది.

2023 డిసెంబరు 12న అంగన్వాడీ వర్కర్లూ హెల్పర్లూ సమ్మెకి దిగారు. వర్కరుకి నెలకి 11,500, హెల్పరుకి 7,000. అందులో ఎవరు బతుకుతారు? న్యాయమైన సమ్మె. 42 రోజులు సాగింది. మా పేట సెంటరుకి తాళం పడింది. మూడోరోజు నుంచి నా నాలుగో తరగతిలో ఆడపిల్లలు తగ్గడం మొదలైంది. ముందు ఒకతి, తర్వాత ఇద్దరు. ఇళ్ళకి వెళ్ళి చూస్తే చంకన తమ్ముడో చెల్లో. తల్లులు షెడ్డుల్లో ఉన్నారు. ఒక పిల్ల నాలుగోరోజు తమ్ముణ్ణి ఎత్తుకునే బడికొచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. లోపలికి రమ్మన్నాను. వాడు ఏడ్చాడు. పలక మీద పాకాడు. నేను పాఠం ఆపి వాణ్ణెత్తుకుని నిలబడ్డాను. నాకు కళ్ళ ముందు అక్క కనపడింది.

అంగన్వాడీ పెద్దపిల్ల చదువుని కూడా కాపాడుతోంది. ఆ సంగతి ఏ రిజిస్టర్లోనూ రాయరు. పప్పు ఎన్ని గ్రాములు, గుడ్లు ఎన్ని, పిల్లల బరువు ఎంత, అన్నీ రాస్తారు. ఈ తలుపు తెరిచి ఉండడం వల్ల ఎంతమంది అక్కలు బడిలో కూర్చున్నారో రాసే గడి లేదు.

చట్టం సంగతీ చూద్దాం. 1950 రాజ్యాంగంలో 45వ అధికరణం పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంది. ఆరేళ్ళ లోపు పిల్లలు వద్దని అందులో లేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కేనంది. 2002లో 86వ సవరణ వచ్చి ఆ హక్కుని ఆరు నుంచి పద్నాలుగుకి కుదించింది. చిన్నవాళ్ళ కోసం రాజ్యం ప్రయత్నిస్తుందని రాసి చేతులు దులుపుకుంది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంది. చేయాలి అనలేదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆ పిల్లకి అంగన్వాడీలో పెట్టే తిండి హక్కు. అదే గదిలో అదే పిల్లకి చెప్పే చదువు హక్కు కాదు. 2022లో అంగన్వాడీలకి శాటిలైట్ ఫౌండేషన్ స్కూళ్ళని పేరు పెట్టి పీపీ-1, పీపీ-2 అన్నారు. పేరు మారినా వర్కరమ్మ ఒక్కతే. వండించాలి, తూచాలి, గర్భిణుల ఇళ్ళకి తిరగాలి, ఫోన్లో ఫోటోలు పెట్టాలి. ఇక రెండు భాషలు ఎప్పుడు చెబుతుంది?

డబ్బున్నవాళ్ళు రోజంతా చూసుకునే ఆయానీ పెట్టుకుంటారు, ఇంగ్లీషునీ కొనుక్కుంటారు. రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నది మమ్మల్నే.

నేను ఎంచుకున్నాను. పాపని మా పేట అంగన్వాడీలో వేశాను. మళ్ళీ అక్క చంక మీద నా కూతుర్ని ఎక్కించలేకపోయాను. మా ఆయన వారం రోజులు మాట్లాడలేదు. "పిల్ల మీద ప్రయోగం చేస్తన్నావు" అన్నాడు. బళ్ళో తోటి టీచర్లు "గవర్నమెంటు జీతగాళ్ళం, ఆ పాతికవేలు కట్టలేమా" అన్నారు. అక్క కూడా తిట్టింది. "నీకేం తిక్కే? నేను సూసుకుంటానన్నాను గదా. దాన్ని ఇంగ్లీసు సదవనీ." "నువ్వు చూసుకున్నది చాలు" అన్నాను. అక్క ఏమీ అనలేదు. పైటకొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుంది.

అక్క కూతురు కూడా షెడ్డుకే వెళ్తుంది. దానికి మూడేళ్ళ పిల్ల. మా పాపకి ఆ పిల్ల కూతురు వరస, ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. ఆరు కాకముందే షెడ్డు ఆటో వస్తుంది. అక్కా కూతురూ ఆ పిల్లని నిద్రమొహంతోనే మా ఇంట్లో వదిలి ఎక్కుతారు. నేను ఇద్దరికీ తల దువ్వి, తినిపించి, హెల్పరమ్మ తలుపు తీయగానే దింపి నా బడికి పోతాను. శనివారం సాయంత్రం వర్కరమ్మతో కూర్చుని తర్వాతి వారానికి పది మాటలు రాసుకుంటాం. మా మాట, పుస్తకం మాట, ఇంగ్లీషు మాట. ఆవిడ ఇంటర్ చదివింది. నాలాగే పలకడానికి సిగ్గుపడుతుంది. ఇద్దరం కలిసి పలుకుతాం. ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. మేం చేసేది దానికి బదులు కాదని నాకు తెలుసు.

భయం పోలేదు. రేపు మా పాప ఏ పట్నం కాలేజీలోనో నోరు పెగలక నిలబడితే నన్నే అడుగుతుంది. ఆ రోజు చెప్పుకోవడానికి నా దగ్గర గొప్ప మాటలేం లేవు.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. ఇంగ్లీషు మీడియం కోసం మనం కొట్లాడాం, కొట్లాడాలి. ఆ కొట్లాట ఒకటో తరగతి దగ్గర మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. మూడో ఏటి నుంచీ, రోజంతా, మన మాటతో మొదలై రెండు భాషలూ చెప్పే బడి మన పేటలో హక్కుగా కావాలని అడగండి. వర్కరమ్మకి టీచరు జీతం అడగండి. ఎప్పుడైనా సెంటరుకి తాళం చూస్తే ఆ పక్క వీధిలోకి వెళ్ళి చూడండి. అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లొకతి చంకన చెల్లెల్ని వేసుకుని నిలబడి ఉంటుంది. ఆ చంకనున్నది నేనే.