నేను రాయని మందు

పదేళ్ల కిందటి మాట. నాలుగేళ్ల పాపకి ఆటిజం అని తేల్చి, స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ రాసిచ్చి ఫైలు మూస్తుంటే తండ్రి అడిగాడు, "ఇంకేమైనా చెయ్యొచ్చా సార్?" బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. "ఓ కుక్కపిల్లని పెంచండి, పాపకి తోడుగా ఉంటుంది" అనేశాను.

నా మాట పట్టుకుని నిజంగానే తెచ్చారు. మురిక్కాలవలోంచి ఎవరో పైకి తీసిన పిల్ల. పళ్లొచ్చే వయసేమో, కనిపించిందల్లా కొరికేది. దాని కీచుగొంతు వినపడితే చాలు, పాప చెవులు మూసుకుని గోడకేసి తల కొట్టుకునేది. నెల తిరక్కుండానే చెయ్యి కరిచింది. సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాల్సిన గాయానికి పసుపు అద్ది తీసుకొచ్చారు. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వడానికి పాపని నలుగురం పట్టుకోవలసి వచ్చింది. పది రోజులు కనిపెట్టి చూడాల్సిన కుక్క ఏదని అడిగితే తండ్రి తల వంచుకున్నాడు. "మార్కెట్ దగ్గర వదిలేసొచ్చాను సార్."

చీటీ మీద రాయలేదు, నోటితో అన్నానంతే. అయినా అది నేనిచ్చిన మందే.

మొన్నామధ్య మూడేళ్ల బాబుని తీసుకొచ్చారు. మాటలు లేవు. పిలిస్తే పలకడు. "వీళ్ల నాన్నా ఐదేళ్లకి గానీ నోరు విప్పలేదు బాబూ" అంది నాయనమ్మ. ఆ మాట మీద ఏడాది గడిచిపోయింది. పదహారు నుంచి ముప్పై నెలల లోపు పిల్లలకి ఎం-చాట్ అని ఇరవై ప్రశ్నల జాబితా ఉంది, పది నిమిషాల పని. దాంతో ఆటిజం ఖాయం కాదు గానీ, ఎవరిని ఇంకాస్త నిదానంగా చూడాలో తెలుస్తుంది. నాయనమ్మని మాత్రం నేనేమీ అనలేదు. ఆమె కళ్లముందు అలా పెరిగిన కొడుకు ఉన్నాడు మరి.

ముందు వినికిడి చూసే బేరా పరీక్షకి పంపాను. చెవులు బాగానే ఉన్నాయి. తర్వాత సబ్బు బుడగలు ఊది, సీసా మూత బిగించి ఊరుకున్నాను. ఇంకా కావాలనుకునే పిల్లలు మామూలుగా సీసా వంక, నా మొహం వంక మార్చి మార్చి చూస్తారు. వీడు నా మణికట్టు పట్టుకుని, పట్టకారుని వాడినట్టు, సీసా మీద పెట్టాడు. మొహం మాత్రం ఎత్తలేదు. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన ఐసా అనే ఆటిజం కొలమానంలో నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. డెబ్భై చేరితే ఆటిజం కింద లెక్క. ఆ లెక్క కూడా ఒక్కరోజులో వెయ్యను. నిద్ర చాలక వచ్చిన పిల్లవాడికీ, బొద్దింకని చూసి బెదిరిన పిల్లవాడికీ నా గదిలో మార్కులు పెరుగుతాయి. రెండోసారి రమ్మన్నాను, ఇంట్లో వీడియోలు తీసి తెమ్మన్నాను.

రెండోసారి వచ్చినప్పుడు ఆటిజమని చెప్పాక, బాబు తల్లి కళ్లు తుడుచుకుని, "కుక్కని తెచ్చుకుంటే మాటలొస్తాయట కదా సార్" అంది. అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరో చెప్పారట. ఆ మాటకీ ఓ మూలం లేకపోలేదు. బోరిస్ లెవిన్సన్ అనే అమెరికా మనస్తత్వవేత్త, తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే కొందరు పిల్లలు తనతో తేలిగ్గా కలుస్తున్నారని 1962లోనే రాశాడు. తోడు అన్నాడు గానీ, మాటలు తెప్పించే మందు అనలేదు.

ఈసారి నేను తొందరపడలేదు. తెల్లారి ఐదింటికి బయటికి తిప్పేదెవరు? ఇంటి ఓనర్ ఒప్పుకున్నాడా? ఏటా రేబిస్ టీకా ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుందమ్మా, అప్పటికి వీడు కాలేజీలో ఉంటాడు. పెద్దవాళ్లు లేకుండా ఇద్దర్నీ ఒకే గదిలో వదలకూడదు. ఆమె విసుక్కోలేదు, వెనక్కీ తగ్గలేదు. "వాడి కోసం కాదు లెండి, నాకే కావాలి" అంది చివరికి. నిజం చెప్పాలంటే, ఆ రోజు నేను విన్న జవాబులన్నిట్లోకీ నాకు నచ్చింది అదే. కుక్కపిల్ల వద్దు, స్వభావం తెలిసిన పెద్దదాన్ని చూడమన్నాను.

షెల్టర్ నుంచి నాలుగేళ్ల గోధుమరంగు ఆడకుక్కని తెచ్చారు, ఆపరేషన్ అయినదాన్నే. చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు, నేలకి అతుక్కుపోయేదట. మూడు రోజులు బెదురు, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకి ఇల్లు అని షెల్టర్ వాళ్లు చెప్పారట. ఆమె చీపురు వదిలేసి మాప్ కొనుక్కుంది. బాబుకి మిక్సీ శబ్దం పడదని పచ్చడి రోట్లోనే నూరే ఇల్లది. వాళ్లకిదేం కొత్త కాదు.

మొన్న వీడియో చూపించింది. కుక్క మంచం కింద పడుకుని ఉంది. బాబు అటు తిరక్కుండానే బిస్కెట్ ముక్కని కాలితో లోపలికి నెట్టాడు.

"నెట్టాక నీ వైపు చూశాడా అమ్మా?" అని అడిగాను, పెన్ను పట్టుకుని.

"వాడు చూడలేదు సార్. కుక్క చూసింది."