నిత్యమా, వైకల్పికమా?

నాబోటి తెలుగు పంతులుకు వ్యోమనౌకలతో ఏమి పని అని మిత్రులకు సందేహం కలగవచ్చు. పని ఉన్నది. అది సంధి ప్రకరణంతో ముడిపడి ఉన్నది.

2023 ఆగస్టు 23 సాయంకాలం గోపాలపట్నంలో మా ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాము. జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 చంద్రునిపై దిగే ఘడియ అది. 5 గంటల 44 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ దిగడం ఆరంభించినది.

"తాతయ్యా, ఇప్పుడు దాన్ని ఎవరు నడుపుతున్నారు?" అని మనుమడు అడిగాడు.

తెరమీద కనబడుతున్న శాస్త్రజ్ఞులను చూపి "వీళ్ళే" అన్నాను. నా జవాబు తప్పని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ ఇరవై నిమిషాలూ వారు కూడా మావలె ప్రేక్షకులే. చంద్రునికి సందేశం పోయి తిరిగి రావడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. నేలకు దిగుతున్న నౌకకు అంత వ్యవధి ఎక్కడిది? అందుచేత ఎత్తునూ వేగాన్నీ కొలుచుకోవడం, ఇంజన్ల జోరు సవరించుకోవడం, కెమెరాతో గుంతలనూ బండలనూ గమనించి చదునైన చోటు ఎంచుకోవడం అన్నీ దాని కంప్యూటరే చేసుకున్నది. 6 గంటల 4 నిమిషాలకు క్షేమంగా కాలు మోపినది.

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయిన కారణాలను నాటి ఇస్రో అధ్యక్షులు సోమనాథ్ 2023లో వివరించారు. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంతో పనిచేయడంతో పొరపాట్లు పోగుపడ్డాయి. సరిదిద్దుకోవడానికి వేగంగా తిరగవలసి వచ్చింది. తిరిగే వేగానికి హద్దు ఉన్నది. పైగా దిగవలసిన స్థలం 500 మీటర్ల చదరం మాత్రమే. నేల ముంచుకువస్తున్నా, ఆ చోటే చేరాలని నౌక వేగం పెంచుకున్నది. రెండవమారు ఆ స్థలాన్ని 4 కిలోమీటర్ల పొడవుకు, సుమారు రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు.

ఇది చదువుతుంటే నాకు వ్యాకరణం గుర్తుకు వచ్చింది. ఉత్వసంధి నిత్యం, జరిగి తీరవలసిందే. ఇత్వసంధి వైకల్పికం: 'ఏమంటివి' అన్నా, 'ఏమియంటివి' అన్నా ఒప్పే. వైకల్పికమంటే విచ్చలవిడితనం కాదు, సూత్రం గీసిన హద్దులోపల ఎంపిక. 1999 మే నెలలోనే అమెరికావారు డీప్ స్పేస్-1 నౌకలోని కృత్రిమ మేధకు చేరవలసిన లక్ష్యాలు మాత్రం చెప్పి, ప్రణాళిక దాన్నే వేసుకోనిచ్చారు. యంత్రానికి సైతం వైకల్పికం నేర్పవచ్చునన్నమాట.

నేను మనిషికి నేర్పలేకపోయాను. ఏనాటిమాటో! పరీక్షలో 'ఏమి + అంటివి' ఇచ్చాను. ఒక కుర్రవాడు 'ఏమియంటివి' అని వ్రాశాడు. ఎర్రసిరాతో కొట్టివేశాను.

"వైకల్పికమని మీరే చెప్పారు కదండీ మాస్టారూ" అన్నాడు, మెల్లగా.

నలుగురిలో పొరపాటు ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. ఎదురు చెబుతావా అని గద్దించి కూర్చోబెట్టాను. అటుపిమ్మట వాడు ప్రతి ప్రశ్నకూ "ఏది వ్రాయమంటారు మాస్టారూ?" అని అడగసాగాడు. దానిని వినయమనుకొని సంతోషించాను కూడా.

వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఎక్కడున్నా, నా మాట అందని చోట తన నిర్ణయాలు తానే తీసుకోవలసినవాడు. అందుకు నేనిచ్చి పంపినది ఏమిటి?

ఆ ఒక్క మార్కు మాత్రం వాడికి నేనింకా బాకీ.