గ్రంథాలయపు సెస్సు

తిరువూరులో మొన్న ఇంటిపన్ను చెల్లించి రసీదు తెచ్చుకొంటిమి. మా గృహిణి దానిని చదివి, "ఈ గ్రంథాలయపు సెస్సేమిటండీ? మనమెన్నడును అచ్చటి గడప త్రొక్కలేదు గదా!" అని యడిగినది. మేము సిగ్గుపడితిమి.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు, అయ్యంకి వెంకటరమణయ్యగారివంటి వారి నాటి పుస్తకశాలలు దాతల చందాలపైననే బ్రదుకవలసియుండెను. నేడట్లు కాదు. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసల వంతున సెస్సు గైకొందురు. పన్ను వేయి రూపాయలైనచో సెస్సు 80 రూపాయలు. పురపాలక సంఘములు, పంచాయతులు దీనిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్పవలెను. కాని పెక్కుచోట్ల నీ సొమ్ము ఏండ్ల తరబడి బకాయి పడుచున్నది. సొమ్ము చేరనిచో క్రొత్త పుస్తకమేది? పత్రిక యేది?

ప్రభుత్వమును నిందించుట సులభమే. కాని బీరువా యెట్లున్నదో చూడనివాడు సొమ్మేమైనదని యడుగుట యెట్లు? చందా యిచ్చిననాడు లెక్క యడిగెడివారము. పన్నుగా నిచ్చుటతోడనే మఱచిపోతిమి.

మఱునాడు మేమిరువురమును గ్రంథాలయమునకు పోయి సభ్యులమైతిమి. చదువరులారా! మీ రసీదునందును ఆ పద్దు కలదేమో చూచికొనుడు. పిదప ఆ సొమ్ము చేరినదా యని యడుగుడు.